నాలుగు బిళ్ళల కార్డు

రా బిడ్డా, ఇటు జరుగు. ఆ ఫోను బోర్లేసి పెట్టు, నా మాట అయ్యేదాకా దాన్ని ముట్టకు. నాకు ఎడమ చెవి సరిగ ఇనవడదు, కుడి దిక్కు కూసో. నడుమల నువ్వేమన్న అడిగితే తెల్వాలె గదా. ఇంక దగ్గరికి. ఆఁ, గట్ల. మీ అమ్మ గేమ్ దుకాణం నడిపిన దినాలల్ల ఒక్క కార్డు కోసం మేము పడ్డ కొట్లాట చెప్త.

రెండువేల ఐదు. చెరుకు కొట్టుడు మొదలైంది. మీ బాపు రాజనర్సు చెరుకు లారీ మీద డ్రైవరు, సీజన్ వచ్చిందంటే ఎడపల్లి దిక్కు పొలాల కాడనే ఉంటుండె, వారానికొకసారి ఇంటి మొఖం చూస్తుండె. నీకు రెండేండ్లు. మీ అమ్మ, నా బిడ్డ గోదావరి, బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీకి పోయే సడక్ మీద మడిగె కిరాయికి తీస్కొని మూడు కంప్యూటర్లు పెట్టింది. గంటకు పది రూపాయలు. పోరగాండ్లు వచ్చి కార్ల పందాలు ఆడుతుండె, తుపాకులు కాలుస్తుండె. కంప్యూటర్ చెడిపోతే మీ అమ్మనే స్క్రూ డ్రైవర్ పట్టుకొని ఇప్పుతుండె. ఎవలు నేర్పలే. ఇప్పుతుంటే, మల్ల బిగిస్తుంటే వచ్చింది.

ఆ మడిగె విమలమ్మది. దవాఖానల నర్సు చేసి రిటైరైన మనిషి. తెల్ల చీర, ఇస్త్రీ మడత చెదరనియ్యదు. మాట గూడ గంతే.

మంచిగనే నడుస్తుండె. గప్పుడు మీ పెదబాపు రాజారాం, మీ బాపుకు సొంత అన్న, సడక్‌కు అవతలి దిక్కు, సరిగ్గా ఎదురుంగ, ఆరు కంప్యూటర్ల దుకాణం తెరిచిండు. బోధన్‌ల ఇంకెక్కడ జాగ దొరకలేదా? దొరుకుతది. ఎదురుంగనే గావాలె ఆయనకు. అన్నీ కొత్తయి. గప్పుడే ఒక కొత్త కార్ల ఆట వచ్చింది. వానల తడిసిన సడక్, దాంట్ల దీపాల వెలుగు మెరుస్తుంటది, కారు మలిపితే నీళ్లు ఎగురుతయి. మీ అమ్మ కంప్యూటర్లల్ల ఆ ఆట తెరవంగనే తెర నల్లగై నిలవడుతుండె. దానికి గ్రాఫిక్స్ కార్డు అని ఒకటి ఏస్తెనే బొమ్మ సాఫుగ నడుస్తదట. రాజారాం కంప్యూటర్లల్ల అన్నిట్ల ఉన్నయి. పోరగాండ్లు ఒక్కొక్కడే సడక్ దాటిండ్రు.

దాటితే దాటిండ్రు, ఈయన ఊకోవాలె గదా? పొద్దుగాల తన మెట్టు మీద నిలవడి పండ్ల పుల్ల నములుకుంట ఇటు మొఖాన అరుస్తుండె.

"మరదలా! నీ కార్లకు ఎడ్లను కట్టినవా ఏంది? నిన్న పందెంల పోయినయి ఇంకా రాలే!"

ఆయన ఎనుక పోరగాండ్లు ఇగిలిచ్చుడు. మీ అమ్మ లోపట మౌసులు తుడుస్తుండె. ఖాళీ కుర్చీల ముంగట ఉన్న మౌసులు.

ఒకనాడు విమలమ్మ వచ్చి కూసున్నది. "గోదావరీ, నీ మీద నాకు కోపం లేదు. కానీ రాజారాం ఈ మడిగె అడుగుతున్నడు. సామాన్లు పెట్టుకుంటడట, కిరాయి ఎక్కువిస్తడట. ఖాళీ దుకాణం నాకు ఒద్దు. నెలాఖరు దాకా చూస్త. కుర్చీలు నిండితే ఇంకో ఏడు నీదే. నిండకుంటే ఆయనది" అన్నది. లేచి పోయింది. నెలాఖరుకు పద్దెన్మిది దినాలున్నయి.

మడిగె పోతే మీ అమ్మ మల్ల చాట ముంగటేసుకొని నా లెక్కనే బీడీలు చుట్టాలె. ఆ పని ఒద్దనే కదా ఆ మూడు డబ్బాలు కొన్నది.

నేను గా ఏడు పాత కార్ఖానా విడిచి కొత్త దాంట్ల చేరిన. పాత పీఎఫ్ పైసలు చేతికొచ్చినయి. "కార్డుకు నేనిస్త బిడ్డా, ఒక్క కంప్యూటర్ల ఏస్తే చాలు, పోరగాండ్లు మలుగుతరు" అన్న. ఇచ్చి ఊకుంటే అయిపోతుండె. "నేను గూడ వస్త" అన్న. గదే తప్పు.

నిజామాబాద్ పోయినం. బస్సుల మోస్రా ఊరామె ఒకామె కోళ్ల గంప నా కాళ్ల మీద పెట్టి జానకంపేట గేటు దాకా ముచ్చట పెట్టింది, అది ఇంకోసారి చెప్త. బస్టాండ్ ఎనుక సందుల బాపురావు అని ఒకాయనది కంప్యూటర్ దుకాణం. అద్దాల తలుపు, లోపట ఏసీ, చెప్పులు బయట ఇడువాలె. మేము లోపటికి పోతే ఆయన తల గూడ ఎత్తలే.

"ఏం గావాలె?"

"గ్రాఫిక్స్ కార్డు అన్నా. గేములకు. పాత బోర్డుకు పట్టేది, తక్కువ ధరల మంచిది" అన్నది మీ అమ్మ.

గప్పుడు ఎత్తిండు తల. "ఎవరికి?"

"నాకే."

"నువ్వు ఆడ్తవా?" అని నవ్విండు.

"ఆడిపిస్త."

రెండు డబ్బాలు తెచ్చి బల్ల మీద ఏసిండు. రెండిటికీ ఒకటే ధర. ఒకటి పెద్దది. దాని మీద కత్తి పట్టుకున్న ఆడామె బొమ్మ, పక్కకు ఇంతింత అంకెలల్ల 256 అని. ఇంకోటి చిన్నది, బొమ్మ లేదు గిమ్మ లేదు, 128 అని.

మీ అమ్మ అడిగింది, "అన్నా, ఇది అరవై నాలుగు బిట్లదా, నూట ఇరవై ఎనిమిది బిట్లదా?"

"బిట్లు గిట్లు ఏంది? పరీక్ష రాయనీకి వచ్చినవా? రెండువందల యాభై ఆరు పెద్దదా, నూట ఇరవై ఎనిమిది పెద్దదా? గది తెలిస్తే చాలు."

"అంకె అది మెమరీది. నేను అడిగేది వేరే. డబ్బా తెరిచి కార్డు చూపియ్యి."

"సీలు తెరిస్తే కొన్నట్టే."

నేను ఊకున్ననా? రెండు డబ్బాలు రెండు చేతులల్ల పట్టుకున్న. చిన్నది గాలికి ఎగిరేటట్టున్నది. పెద్దది రాయి లెక్కున్నది. నువ్వు బీడీలు చెయ్యలే, నీకు తెల్వది. తునికాకు మాకు తూకం మీద ఇస్తరు, తంబాకు తూకం మీద ఇస్తరు. ప్రతిసారి కొంత కొడ్తరు. తక్కువిచ్చి బీడీలు మాత్రం లెక్కకు నిండ అడుగుతరు. నా బతుకంత తక్కువ తూకంతోనే మోసపోయిన, గందుకే ఏది బరువున్నదో గదే నాకు నిజం. కారం పొడి గంతే, సబ్బు గంతే. కార్డు గూడ గంతే అనుకున్న.

"గోదావరీ, గీ పెద్దది తీస్కో. బరువున్నది."

"అవ్వా, ఊకో. ఇది బియ్యం గాదు. చిన్నదే మనకు మంచిగుంటదని అనిపిస్తుంది."

"అనిపిస్తుందా? పక్కా తెల్వది గదా నీకు?"

"డబ్బా తెరువనిస్తే తెలుస్తుండె."

"తెల్వనప్పుడు పెద్దది తీస్కుంటరా, చిన్నది తీస్కుంటరా?"

"అవ్వా, నా పని నన్ను చెయ్యనియ్యి."

నోట్లెకెళ్లి వచ్చేసింది బిడ్డా. "పైసలు ఎవరియి?" అన్న. దుకాణంల, పరాయోని ముంగట, కన్నబిడ్డను గట్లన్న. మీ అమ్మ బల్ల కాడికెళ్లి ఎనుకకు జరిగింది. "నీయే. ఏది గావాలెనో గది తీస్కో" అని బయటికి పోయి చెప్పులు తొడుక్కున్నది.

బాపురావు పెద్ద డబ్బా సంచిల ఏసుకుంట, "ముసలమ్మా, నీకున్న అకల్ నీ బిడ్డకు లేదు" అన్నడు. నేను పొంగిపోయిన. ఏం చెప్పాలె.

ఇంటికొచ్చి డబ్బా ఇప్పితే, బరువంత ఏంది? కార్డు మీద ఒక అల్యూమినియం దిమ్మె బిగిచ్చి ఉన్నది. ఫ్యాన్ గూడ లేదు. మీ అమ్మ కార్డును దీపం కాడికి ఎత్తి దాని మీద నల్ల బిళ్ళలు లెక్కవెట్టింది. నాలుగు.

"ఎనిమిదుండాలె" అన్నది.

"నాలుగుంటే ఏమైతది?"

"ఫ్యాక్టరీ ముంగట చెరుకు బండ్లు నిలవడుతయి చూసినవా? మైదానం ఎంత పెద్దగున్నా, తూకమేసే కాంటా ఒక్కటే ఉంటే లైన్ కదులుతదా? ఇది గంతే. బిళ్ళలు తక్కువుంటే జాగ పెద్దదైనా దర్వాజ ఇరుకుది. గా చిన్న డబ్బాల జాగ తక్కువ, దర్వాజ ఎడల్పు. ఆటకు ఎడల్పే గావాలె. ఒకటే ధర పెట్టి మనం పనికొచ్చేది ఇడిసిపెట్టి పనికిరానిది తెచ్చుకున్నం."

అయినా బిగిచ్చింది. ఆట తెరిచింది. కారు ఒక్క అడుగు పోయి ఆగుడు, మల్ల ఒక్క అడుగు పోయి ఆగుడు. చూడనీకి వచ్చిన ఇద్దరు పోరగాండ్లు మెల్లగ లేచిండ్రు. గప్పుడే రాజారాం సడక్ దాటి వచ్చి మన గడప మీద నిలవడ్డడు.

"ఏమత్తా! పీఎఫ్ పైసలతోని ఇనుప సామాన్ కొన్నవట! ఇస్త్రీ పెట్టె చేసుకో, వేడి మస్తుగైతది!"

మీ అమ్మ లేచింది. చేతిల స్క్రూ డ్రైవర్ అట్లనే ఉన్నది. "బావా, నా గడప మీద నీ చెప్పులు కనవడొద్దు. దిగు."

"నెలాఖరుకు ఈ గడప నాదే గదా మరదలా. ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటున్న."

గంత మాట అని, చేతులు ఎనుక కట్టుకొని, తాపీగ దిగి పోయిండు.

నాలుగు దినాలు మీ అమ్మ నాతోని మాట్లాడలే. అన్నం పెట్టేది, గిన్నె నేల మీద చప్పుడయ్యేటట్టు పెట్టేది. నేను నిన్ను ఎత్తుకుంటే నా చేతులకెళ్లి గుంజుకునేది. అయిదో దినం నేనే అన్న, "పా, వాపసిద్దాం."

"తీస్కోడు."

"తీస్కుంటడు."

"పోతే నేను పోత. నువ్వు రాకు. నీ నోరు ఈడనే పెట్టుకో."

నేను చాట, ఆకు, తంబాకు, కత్తెర సంచిల పెట్టుకొని బస్సుల ఆమె ఎనుక సీట్ల కూసున్న. తెల్లారి కార్ఖానల వెయ్యి బీడీలు అప్పజెప్పేదుండె, ఏడికి పోయినా పని ఆగది మాకు.

బాపురావు మమ్మల్ని చూడంగనే, "సీలు తెరిచిన మాలు వాపసు లేదు" అన్నడు. మీ అమ్మ నెమ్మదిగ చెప్పింది, అన్నా ఇది ఇరుకుది, నేను మొదలే అడిగిన, నువ్వు చెప్పలే అని. పావుగంట ఇన్నడు, మీసం దువ్వుకుంట. అటెనుక ఏమనుకున్నడో, గొంతు మెత్తగ చేసి, "సరే, ఇటియ్యి. కంపెనీకి పంపుత. పదిహేను దినాలకు రా" అని కార్డు తీస్కొని బల్ల కింద అరల పెట్టిండు.

నెలాఖరుకు ఇగ తొమ్మిది దినాలే ఉన్నయి. పదిహేను అంటడేంది? కానీ నాకు గా పదిహేను గాదు, గా అర మీదనే అనుమానం.

ఎందుకంటే చెప్త. కార్ఖానల మేము బీడీలు తీస్కపోతే చెకర్ ఒకడుంటడు, మా దాంట్ల సాయన్న. కట్ట ఇప్పి బొటనవేలుతోని నొక్కి, బాగలేనియి అని కొన్ని ఏరి పక్కకు పారేస్తడు. ఛాటు అంటరు దాన్ని. ఛాటు బీడీలకు కూలి లేదు. మరి అవి మాకు వాపసు ఇస్తరా? ఇయ్యరు. సాయంత్రం దాకా గుట్ట చేసి, వాళ్లే కట్టలు కట్టి అమ్ముకుంటరు. పనికిరానియి అన్నయే! నేను ఒకనాడు సాయన్న చేతిలకెళ్లి నా ఛాటు బీడీలు గుంజుకొని ఆయన ముంగటనే పిడికిట్ల నలిపి నేలకేసిన. "పనికిరావు అన్నవు గదా, నీకెందుకు మరి?" అన్న. అప్పటి నుంచి నా ఛాటు తక్కువైంది. బాగలేదన్న మాలు చెకర్ చేతుల ఇడిస్తే అది మనది గాదు బిడ్డా. గిది నాకు చదువు రాకున్నా తెలిసిన సంగతి.

"కార్డు ఇటియ్యి" అన్న.

"ఏందమ్మా?"

"కంపెనీకి పంపుతే చిట్టి రాసియ్యి. లేకుంటే కార్డు ఇటియ్యి."

"చిట్టి గిట్టి ఉండది. నమ్మకం లేకుంటే తీస్కపో! తీస్కపోయి పొయ్యిల పెట్టుకో!" అని అరలకెళ్లి తీసి నా మీదికి ఇసిరిండు. చెంగుల పట్టుకున్న. ఆయన ఫోను తీసి ఎవలితోనో మరాఠీల అన్నడు, "హీ మ్హాతారీ డోకం ఖాతే" అని. ఈ ముసల్ది నా తల తింటుంది అని.

మా తల్లిగారి ఊరు మహారాష్ట్రల ధర్మాబాద్ అని వానికేం తెలుసు? "డోకం అసేల్ తర్ ఖాయిన్ నా!" అన్న. తల ఉంటే గదా తినేది అని. వాని చేతులకెళ్లి ఫోను జారింది.

"బయటికి నడువు!"

నడిచిన. మెట్టు దిగి, మోరీ మీద పరిచిన బండ మీద, సరిగ్గా అద్దాల తలుపు ముంగట చాట పెట్టుకొని కూసున్న. కార్డు నా ఒళ్ల. ఆకు కత్తిరిచ్చుడు, తంబాకు పోసుడు, చుట్టుడు. మీ అమ్మ సిగ్గుతోని చచ్చింది. "అవ్వా లే. అందరు చూస్తుండ్రు. పరువు పోతుంది."

"చూడనీ. చూస్తానికే కూసున్న."

బాపురావు తలుపు తెరిచి, "పోలీసోళ్లను పిలుస్త" అన్నడు.

"పిలువు. వాళ్లకు గూడ బీడీలు గావాలె. మెట్టు దాకా నీది, బండ మున్సిపాల్టీది."

చంకల హెల్మెట్ పెట్టుకొని ఒక సారు వచ్చిండు. "సారూ, ఏం కొననీకి?" అన్న. "కార్డు అవ్వా, పిల్లలు అడుగుతుండ్రు" అన్నడు. "గట్లయితే డబ్బా తెరిపిచ్చి నల్ల బిళ్ళలు లెక్కవెట్టు. నాలుగుంటే ఇరుకుది, ఎనిమిదుంటే ఎడల్పుది. 256 అని చూసి మోసపోకు. గిగో, నేను మోసపోయింది నా ఒళ్లనే ఉన్నది" అని చూపిచ్చిన. ఆయన నవ్వుకుంట లోపటికి పోయిండు. అద్దంల నుంచి కనవడుతుంది, డబ్బా తెరువుమంటుండు, బాపురావు చేతులు తిప్పుతుండు. సారు ఉత్త చేతులతోని బయటికొచ్చి, పోవుకుంట పోవుకుంట నన్ను చూసి తల ఊపిండు.

ఎనుక ఇద్దరు కాలేజీ పిల్లగాండ్లు. వాళ్లకు గదే చెప్పిన. లోపటికి గూడ పోలే, అటునుంచి అటే మలిగిండ్రు. ఇంకొకామె ప్రింటర్ కొననీకి వచ్చింది, నాకు ప్రింటర్ల సంగతి తెల్వది, అయినా "బరువు చూసి కొనకమ్మా" అని చెప్పిన. తలుపు తెరిచినప్పుడల్లా తంబాకు దూళి లోపటికి పోతుంది, ఏసీల బాపురావు తుమ్ముడు మొదలైంది. తుమ్ముతున్నడు, తిడ్తున్నడు. ఆయన ఎంత తిడితే నేను గంత గొంతు పెంచిన. మధ్యాహ్నం దాకా మూడొందల బీడీలు అయినయి.

మీ అమ్మ అప్పటిదాకా ఎదుటి చాయ్ బండి కాడ మొఖం తిప్పుకొని నిలవడ్డది. మూడో గిరాకీ మలిగిపోంగ చూసి సడక్ దాటి వచ్చింది. నా దిక్కు చూడలే. లోపటికి పోయింది, చెప్పులు గూడ ఇడువలే.

"అన్నా, మా అవ్వను నేను లేపుత. నువ్వు చిన్న డబ్బా తియ్యి."

"తెరిచిన మాలు నేనెట్ల తీస్కుంట?"

"తెరువకుంట అమ్మినవు గాబట్టి తీస్కుంటవు."

"నువ్వు, నీ అవ్వ..." అని ఏదో బూతు నోట్లకొచ్చి మింగిండు. చిన్న డబ్బా తీసి బల్ల మీద కొట్టిండు. "తీస్కొని పో. మల్ల ఈ సందుల కనవడొద్దు."

"తెరువు. నీ కంప్యూటర్ల బిగిచ్చి ఆట నడిపి చూపియ్యి. అటెనుక పోత."

తెరిచిండు. మీ అమ్మ నన్ను లోపటికి పిలువలే, నేనే పోయిన, నా కండ్లతోని లెక్కవెట్టిన. ఎనిమిది. బిగిచ్చిండు. కారు ఉరికింది బిడ్డా, నీళ్లు ఎగజిమ్ముకుంట, ఎక్కడ ఆగలే. బాపురావు నా చేతులకెళ్లి పాత కార్డు గుంజుకున్నడు, నా గోరు చీరుకపోయింది. ఇంకెవలికి అంటగట్టిండో, దేవునికెర్క.

బస్సుల నేను అనుకున్న, ఇప్పుడన్న మీ అమ్మ మంచిగ ఒక మాట అంటదని. ఎడపల్లి దాటేదాకా కిటికీల నుంచి చూసుకుంట కూసున్నది. అటెనుక అన్నది, "వాడు దొంగ. దొంగ అని నాకు మొదలే తెలుసు. వాని మీద నాకు కోపం లేదు. నా మాట నువ్వు ఇనలే. పైసలు ఎవరియి అన్నవు. గది నాకు వాని మోసంకంటె ఎక్కువ." నేను చాట ఒళ్లకు గుంజుకొని మిగిలిన ఆకు కత్తిరిచ్చుకుంట కూసున్న.

కార్డు బిగిచ్చినంక రెండో దినం ఒకడు సడక్ దాటి ఇటొచ్చిండు. వాడు నలుగురికి చెప్పిండు. ఆ ఒక్క కంప్యూటర్ కోసం మిగిలిన రెండిట్ల కూసోని ఎదురు చూసుడు మొదలువెట్టిండ్రు. విమలమ్మ ఇరవై తొమ్మిదో తారీఖున వచ్చి, గడప మీద నిలవడి, కుర్చీలు చూసింది. కూసోనీకి ఆమెకు జాగ లేదు. "రాజారాంకు చెప్త, మడిగె ఖాళీ లేదని" అన్నది. పోయింది. మీ అమ్మ తలుపు ఎనుక నిలవడి కొంగుతోని మొఖం తుడుసుకున్నది. నేను దగ్గరికి పోబోతే, "పిల్లను చూసుకోపో" అన్నది. ఆ దుకాణంల నన్ను రెండు నెలలు కాలు పెట్టనియ్యలే. అటెనుక పెట్టనిచ్చింది, కానీ సామాన్ల కాడ నోరు తెరువనియ్యలే.

రాజారాం మాత్రం ఇప్పటికీ ఇంకో తీరుగ చెప్తడు. ముసల్ది మెట్టు మీద కూసోని ఏడ్చిందట, దుకాణమాయన జాలిపడి ధర్మానికి ఇచ్చిండట. పెండ్లిల్లల్ల, సావుల కాడ చెప్తడు, మంది నమ్ముతరు. ఆయనకు నోరు పెద్దది, నాకు రోజులు తక్కువ. గందుకే నీకు చెప్తున్న. యాది పెట్టుకో. ఎవలన్న అడిగితే, అడగకున్నా, నువ్వు చెప్పు. ఎవలు ఏడ్వలే, ఎవలు ధర్మం చెయ్యలే, మీ అమ్మ తెరిపిచ్చి, లెక్కవెట్టి, నడిపిచ్చి తెచ్చుకున్నది అని చెప్పు. నేను పైసలు ఎవరియి అన్నది గూడ చెప్పు బిడ్డా. అది ఇడిసిపెట్టి చెప్తే మీ అమ్మకు మల్ల అన్యాయమైతది.